బండిలో సప్పుడా? కొన్ని ఉచిత సలహాలు

మొదటి పని: పాట పెంచండి.

నంద్యాలలో ఎండ 44 డిగ్రీలు దాటిన రోజు చూసుకొని మరీ మనం ఏసీ వేసుకొని 40వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాం. రేడియేటర్ వెనక ఉండే ఫ్యాను ఆ రోజు ఊపిరి తీసుకోకుండా తిరగాలి. ఇంట్లో సీలింగు ఫ్యాను కిర్రుమంటే రాత్రంతా దొర్లే మనకు ఈ ఫ్యాను మూలుగు మాత్రం చెవికెక్కదు. ఓర్వకల్లులో అద్దాలు బిగిస్తాం. పాణ్యం దగ్గర పాట పెంచుతాం. ఆళ్లగడ్డ దాటాక పాట ఆపి, "నీకేమన్నా వినపడతాందా?" అని పక్కసీటును అడుగుతాం. "లేదే, నాకేం వినపడల్యా" అనిపించుకోవడానికే ఆ ప్రశ్న.

రెండో పని: బానెట్ ఎత్తండి. చేతులు వెనక్కి కట్టుకొని కాసేపు గంభీరంగా చూడండి. మూసేయండి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మెకానిక్ భాయ్ ముందు ఆ సప్పుడును నోటితో చేసి చూపించాలి. ఎందుకంటే షెడ్డుకు పోగానే బండి నోరు మూసుకుంటుంది. ఇందులో మాయేం లేదు. కార్లలో ఉండేది కరెంటు ఫ్యాను. ఇంజను నీళ్లు సుమారు 95 డిగ్రీలకు చేరినప్పుడో, ఏసీ వేసినప్పుడో తిరుగుతుంది, లేకుంటే ఊరకుంటుంది. మీరు వేపచెట్టు కింద బండి నిలిపి, భాయ్ టీ తాగి వచ్చేలోపు ఇంజను చల్లబడుతుంది. స్టార్టు చేసి ఏసీ వేస్తే చాలు, ఫ్యాను తిరుగుతుంది, సప్పుడూ వస్తుంది. కానీ ఆ మాట మనకు తోచదు. మనకు తోచేది గొంతే.

"గరగరమంటాంది భాయ్" అంటాడు బండాయన. "యాడ గరగర? కీచుమంటాది, అదీ ఆగి ఆగి" అని పక్కసీటులోని ఆమె సరిదిద్దుతుంది. వెనకసీటులోంచి బామ్మర్ది దిగి "టిక్కుటిక్కు బావా" అని తన ఓటు వేస్తాడు. భాయ్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ముగ్గురి కచేరీ వింటాడు. నన్నడిగితే ముగ్గురిదీ నిజమే, ఎవరు విన్న ఊరు వాళ్లది. టిక్కుటిక్కుమంటే ఎండుటాకో, ప్లాస్టిక్ కవరు ముక్కో, జారిన వైరో రెక్కకు తగులుతున్నట్టు. తీసేస్తే సరి. కీచుమంటే మోటారు లోపల బుష్ ఎండిపోయినట్టు. బుష్ అరిగితే ఇరుసు ఊగుతుంది, రెక్కలు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగును రాచుకుంటాయి, అదీ గరగర. రాచుకొని రాచుకొని ఒక రెక్క పెచ్చు లేచిందంటే ముందుభాగం మొత్తం దడదడలాడుతుంది. (బొలెరో వాళ్లు కంగారుపడొద్దు. అందులో ఫ్యాను ఇంజనుతోనే తిరుగుతుంది. వేడెక్కినప్పుడు దాని క్లచ్చి పట్టుకొని హోరుమంటే అది ఆరోగ్యమే. రోజంతా హోరుమంటేనే క్లచ్చి చూపించాలి.)

ఇక ఆఖరి దశలో ఏ సప్పుడూ ఉండదు. అప్పుడు మనం "దానంతట అదే సర్దుకునిందిలే" అని సంబరపడతాం. బుష్ పట్టేసి ఫ్యాను ఆగిపోయిందన్న సంగతి మీటరులో ముల్లుకొక్కదానికే తెలుసు. రోడ్డు మీద 80లో పోతున్నంతసేపు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది కాబట్టి ముల్లు కూడా మర్యాదగా కిందే ఉంటుంది. టోల్‌గేటు దగ్గరో, కడప ఊళ్లోకి వచ్చి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాకో లేస్తుంది.

ఎగతాళి కాసేపు పక్కన పెడితే, ఇది బండి దగ్గర ఆగే అలవాటు కాదు. మోకాలు కలుక్కుమనడం మానితే తగ్గిందనుకుంటాం. ఇంట్లో పెద్దావిడ దగ్గుతున్నదని రెండు నెలలుగా వింటూ, ఒకరోజు వినపడకపోతే ఎందుకు వినపడలేదని అడగం. పక్కగదిలోకి మారిందేమో చూడం. నేనూ ఈ జాతివాడినే.

నాలుగు: కూలెంట్ దండగ, బోరునీళ్లు పోయండి. మన నేల కింద ఉన్నది సున్నపురాయి. ఇంటి ముందు అరుగుకు వేసుకునే కడప బండ కూడా అదే జాతి. ఆ రాతిలోంచి వచ్చిన నీళ్లు మరిగితే గిన్నెకు తెల్లగా పొలుసు కట్టడం ప్రతి ఇంట్లో చూసేదే. అదే పొలుసు రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ కడుతుంది. నీళ్లు సరిగా పారవు, ఇంజను వేడి దిగదు, ఫ్యాను పగలూ రాత్రీ తిరిగి తిరిగి అరుగుతుంది. పైగా యర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము రేడియేటర్ బయట పేరుకుంటుంది. లోపల బండ, బయట సిమెంటు. ఇల్లు కట్టడానికి ఇసుకొక్కటే తక్కువ.

అయిదు: పొగ లేస్తుంటే వెంటనే రేడియేటర్ మూత తిప్పండి. మూత మీద 0.9 అనో 1.1 అనో అచ్చు ఉంటుంది. అంత ఒత్తిడి బిగించి ఉంచబట్టే లోపలి నీళ్లు వంద దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణం మొత్తం మరిగి మొహం మీదికి లేస్తాయి. ఈ సలహా పాటించినవాళ్లు నాకు మళ్లీ ఉత్తరం రాయలేదు.

ఆరు: ఇంజను ఆపాం కదా అని రెక్కల మధ్య వేలు పెట్టండి. చాలా కార్లలో ఇంజను ఆపినా, వేడి ఉంటే ఫ్యాను మళ్లీ తిరుగుతుంది.

గువ్వలచెరువు ఘాట్‌లో ముల్లు ఎర్రగీతకేసి పాకితే ఒక ఉపాయం ఉంది, ఇది నిజంగానే పనిచేస్తుంది. ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరు పూర్తిగా పెట్టండి. ఇంజను వేడిలో కొంత మీ మీదికి వచ్చేస్తుంది. మే నెల, కడప జిల్లా, కారులో హీటరు. పిల్లలు జన్మలో మరిచిపోరు. చోటు దొరకగానే పక్కకు తీసి ఇంజను ఆపి, అది చల్లబడేదాకా ఆగాలి. మనవాళ్లు అంతసేపు ఆగేది పాలకోవా అంగడి దగ్గరే కాబట్టి, చోటు అదే అయితే మేలు.

చివరిది బేరం. భాయ్ మోటారు మార్చాలంటాడు. "రెండు చుక్కలు నూనె ఏస్తే సరిపోదా భాయ్? తిరుపతి పోయొచ్చినాక మారుస్తాంలే" అనండి. ఆయన వాదించడు. నూనె వేస్తాడు, కీచు ఆగుతుంది, డబ్బులిస్తే "ఇప్పుడొద్దులేన్నా" అంటాడు. వద్దని కాదు. ఈసారి బండిని తాడు కట్టి లాక్కొస్తామనీ, అప్పుడు బేరమాడే ఓపిక మనకుండదనీ ఆయన లెక్క.