గ్రూపు ఫోన్‌ని నేను

బొత్తాల మీద అంకెలు చెరిగిపోయిన కీప్యాడ్ ఫోన్‌ని నేను. విజయవాడలో ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) గ్రూపు ఒకటి నన్ను కొనుక్కుంది. నెలకో సభ్యుడి జేబులోకి మారుతుంటాను. ఒక నెల రిటైరైన లెక్చరర్, ఇంకో నెల కిరాణా కొట్టాయన, ఈ నెల ఆటో నడిపే ఆయన. నన్ను ఎత్తి మాట్లాడేవాళ్లంతా ఒకప్పుడు తాగి, ఇప్పుడు మానేసినవాళ్లే. ఈ పనికి జీతం లేదు.

ఎక్కువ కాల్స్ చీకటి పడ్డాకే వస్తాయి. మొదట మాట్లాడేది చాలాసార్లు తాగే మనిషి కాదు, భార్యో తల్లో. గొంతు తగ్గించి మాట్లాడతారు. “కాఫీలో కలిపితే తాగుడు మానేస్తారట కదండీ, ఆ పొడి మీ దగ్గరుందా?” అని ఎంతమంది అడిగారో! “వద్దమ్మా, మనిషికి తెలియకుండా అలాంటివి పెట్టకండి. అది ఒంట్లో ఉండగా తాగితే ప్రాణం మీదికి రావచ్చు. మాత్రలంటూ వాడితే డాక్టరు చూసి, ఆయనకి చెప్పి ఇవ్వాలి” అంటాడు మావాడు. తర్వాత అల్-అనాన్ సంగతి చెబుతాడు. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం 1951లో మొదలైన మీటింగులవి. “తాగేది ఆయనైతే నాకెందుకండీ మీటింగు?” అంటుంది ఆవిడ. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఆ ఇంట్లో కంటి మీద కునుకు లేనిది ఆవిడకే.

తాగే మనిషి తానే చేస్తే తీరు వేరు. మోగుతాను, కట్ అవుతుంది. కాసేపాగి మళ్లీ మోగుతాను. ఎట్టకేలకు మాట బయటికొస్తుంది. ఫీజెంత? ఏమీ లేదు. పేరు చెప్పాలా? ఇష్టమైతేనే. మా మతం వేరే, రానిస్తారా? తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. తెలిసినవాళ్లెవరైనా అక్కడ కనబడితే? “వాళ్లూ అందుకే వచ్చుంటారు కదన్నా.”

ఒక్క విషయంలో మాత్రం మావాళ్లు మీటింగు కన్నా ముందు ఆస్పత్రి అంటారు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు వణుకుతుంది, ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. అది మొండిగా ఓర్చుకోవాల్సింది కాదు, వైద్యం చేయించాల్సింది. ఎక్కడికెళ్లాలో తోచనివాళ్లకి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 చెబుతారు.

నా వంశానికి మూలపురుషుడు అమెరికాలో, ఒహాయో రాష్ట్రం ఆక్రన్ ఊళ్లో, మేఫ్లవర్ హోటల్ లాబీలో ఉండేవాడు. 1935 మే 11న బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి వచ్చిన పని చెడి అక్కడ ఒంటరిగా నిలబడ్డాడు. మందు మాని అయిదు నెలలు. పక్కనే బారు, లోపలి నుంచి నవ్వులు. అటు పోకుండా, తనలాంటి తాగే మనిషి ఒకరితో మాట్లాడాలని చర్చిల జాబితా చూసి ఫోన్లు తిప్పాడు. చివరికి హెన్రియెటా సైబర్లింగ్ అనే ఆవిడ ద్వారా మర్నాడు డాక్టర్ బాబ్ స్మిత్‌ని కలిశాడు. పావుగంట కన్నా ఎక్కువ కూర్చోనన్న ఆ తాగుబోతు డాక్టరు రాత్రి పదకొండు దాకా లేవలేదు. ఆయన చివరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనది ఒకటుంది: బిల్ ఆ ఫోన్ చేసింది ఎవరినో ఉద్ధరించడానికి కాదు, తాను బారులోకి పోకుండా ఉండడానికి.

అది నేను కళ్లారా చూశాను. సంక్రాంతి రాత్రి. డాబా మీద బావమరుదులు సీసాలు తెరిచారు. “పండగ పూట ఒక్క పెగ్గు బావా” అని ఆటో ఆయన చేతిలో గ్లాసు పెట్టారు. కిందపెట్టలేదాయన. చేతి వణుకు జేబులో ఉన్న నాకు తెలుస్తోంది. అప్పుడే మోగాను. గ్లాసు గోడ మీద పెట్టి మెట్లు దిగి వీధిలోకొచ్చాడు. అవతల ఓ కుర్రాడు ఏడుస్తున్నాడు. ఈయన నీతులేమీ చెప్పలేదు. తన బండి ఎలా తాకట్టు పోయిందో, కూతురు తనని చూసి మంచం కింద ఎలా దూరిందో చెప్పుకొచ్చాడు. నా బ్యాటరీ అయిపోవచ్చే దాకా మాట్లాడి, “నువ్వు ఫోన్ చేసి నన్ను బతికించావు తమ్ముడూ” అన్నాడు. ఆ కుర్రాడికి ఏం అర్థమైందో గానీ ఏడుపు ఆపాడు.

మీటింగు ఓ స్కూలు గదిలో. నన్ను సైలెంట్‌లో పెడతారు గానీ మాటలు వినబడతాయి. “నేను ఆల్కహాలిక్‌ని” అని ఒక్కొక్కరూ తన కథే చెబుతారు, మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. కొత్తవాళ్లు నోరు విప్పకుండా టీ తాగి వెళ్లిపోయినా ఫర్వాలేదు. చివర్లో గుడ్డ సంచి తిరుగుతుంది. గది అద్దె, నా రీచార్జి అందులోంచే. ఒక సభ్యుడి అన్నగారు సంతోషంతో పెద్ద మొత్తం ఇవ్వబోతే దండం పెట్టి వద్దన్నారు. బయటి డబ్బు తీసుకోకూడదన్నది ఏఏ సంప్రదాయం.

పండగ తర్వాతి ఆదివారం ఆ కుర్రాడు వస్తానన్నాడు, రాలేదు. ఆటో ఆయన గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. సోమవారం నా నుంచే ఫోన్ చేస్తే, “మళ్లీ తాగానన్నా, మొహం చెల్లలేదు” అన్నాడు.

“అందుకే రావాలి తమ్ముడూ. బుధవారం కూడా మీటింగుంది, సాయంత్రం ఏడింటికి. మీ వీధి పేరు చెప్పు, ఆటో వేసుకొస్తా.”

చెప్పాడు.