మిల్లీమీటర్ బావగారు

వీసా స్టాంపింగ్, ఇంటి వడ్డీ రేటు, పిల్లల కాలేజీ అడ్మిషన్లు. బే ఏరియా తెలుగు విందులో ఈ మూడూ అయిపోయాక నాలుగో సంగతి ఏదైనా లేచిందంటే, లేపింది మిల్లీమీటర్ బావగారే. ఈయన ఒక్కరు కాదు. ఫ్రీమాంట్‌లో ఒకరు, సన్నీవేల్‌లో ఒకరు, ప్లెజంటన్‌లో ఇంకొకరు. నలభై దాటాక డాక్టరు వ్యాయామం చెయ్యమంటే, హాయిగా నడక మొదలెట్టకుండా సర్ఫ్‌బోర్డు కొన్న జాతి ఇది. సముద్రంలో ఉన్నది కాసేపే. సముద్రం గురించి మాట్లాడింది మాత్రం జీవితకాలం.

పప్పు వడ్డించుకుంటుంటే పక్కకొచ్చి, "ఈ శనివారం శాంటా క్రూజ్ నీళ్లు యాభై నాలుగు" అంటారు గంభీరంగా. ఫారెన్‌హీట్‌లో. మనవాళ్లకి తెలిసిన లెక్కలో పన్నెండు డిగ్రీలు. సముద్రంలో తేలే బోయా పంపిన కొలత ఆయన ఫోన్‌లో ఎప్పుడూ తెరిచే ఉంటుంది. "ఫోర్-త్రీ వేసుకో తమ్ముడూ. కాళ్లకి బూటీలు. హుడ్ కూడా పెట్టు, అశ్రద్ధ చెయ్యకు." చల్లనీళ్లలో తొడిగే రబ్బరు వెట్‌సూట్‌కి మొండెం దగ్గర 4 మిల్లీమీటర్ల మందం, కాళ్లూ చేతుల దగ్గర 3 అని దాని అర్థం. శాండియాగోలో ఆగస్టు అయితే 2 మిల్లీమీటర్ల పొట్టి సూటు చాలు, హవాయిలో అసలు సూటే అక్కర్లేదు, ఒరెగాన్ వెళ్తే మాత్రం ఫైవ్-ఫోర్ లేకుండా కారు దిగకూడదు. పంచాంగం చూడకుండానే చెప్పేస్తారు.

"మే నెల కదా బావగారూ, ఎండలొచ్చాయి, పల్చటిది సరిపోదా?" అని ఎవరైనా అమాయకంగా అడిగితే ఆయనకి పండగే. వసంతకాలంలో వాయవ్యపు గాలులు తీరం వెంట వీచి పైనీళ్లని లోపలి సముద్రంలోకి నెట్టేస్తాయనీ, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లనీళ్లు పైకొస్తాయనీ, అందుకే శాంటా క్రూజ్‌లో జనవరి కంటే మేలో ఎక్కువ వణకాల్సి వస్తుందనీ, వెచ్చటి నీళ్లు కావాలంటే సెప్టెంబరు దాకా ఆగాలనీ గరిటె తిప్పుతూ వివరిస్తారు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆయనతో చిక్కే అది.

చరిత్ర కూడా చెప్తారు. బర్క్లీ భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ 1950ల మొదట్లో నౌకాదళం ఈతగాళ్ల కోసం ఈ సూటు ఊహించాడు. సర్ఫర్లకి ఈ సూట్లు అమ్మిన జాక్ ఓనీల్ 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సర్ఫ్ దుకాణం తెరిచి, 1959లో శాంటా క్రూజ్‌కి మకాం మార్చాడు. ఆ తర్వాత కుట్ల ప్రస్తావన: ఫ్లాట్‌లాక్ కుట్టులో సూది రంధ్రాల గుండా నీళ్లొస్తాయి, అది వేసవికే. చలినీళ్లకి జిగురు పెట్టి, సూది అవతలికి దిగకుండా కుట్టిన బ్లైండ్‌స్టిచ్ ఉండాలి. సూటులో ఉన్నట్టుండి వెచ్చబడటానికి సర్ఫర్లు చేసే పని ఒకటుంది. భోజనాల దగ్గర చెప్పకూడదు. బావగారు చెప్తారు.

ఇంత తెలిసిన మనిషి నీళ్లలో దిగి పావుగంట కాకముందే పళ్లు టకటకలాడిస్తూ బయటికొచ్చేస్తారు. ఎందుకంటే, ఆయన సూటు లూజు.

థర్మామీటరుకిచ్చిన గౌరవం ఆయన టేపుకి ఎన్నడూ ఇవ్వలేదు. షాపులో కుర్రాడు ఎత్తూ ఛాతీ కొలిచి "లార్జ్ షార్ట్" అన్నాడు. షార్ట్ అన్న మాటకి బావగారి మొహం మాడింది. అయినా మర్యాదకి తొడిగి చూశారు. అద్దంలో బొజ్జ యథాతథంగా దర్శనమిచ్చింది. "ఎక్స్‌ఎల్ ఇవ్వు, ఫ్రీగా ఉంటుంది" అన్నారు. పెరిగే పిల్లాడని మూడు దసరాలకి సరిపడా చొక్కా కుట్టించిన తల్లి పెంపకం మరి. ఇప్పుడాయనలో పెరుగుతున్నది ఒక్కటే, దానికీ చోటు ఉంచుకున్నారు.

పాపం బ్రాడ్నర్ మహాశయుడు కనిపెట్టిందల్లా ఇదే: మనిషి తడవకుండా ఉండక్కర్లేదు, తడిసినా వెచ్చగా ఉండొచ్చు. నియోప్రీన్ రబ్బరులోని గ్యాసు బుడగలు చలిని ఆపుతాయి, లోపలికి చేరిన పల్చటి నీటి పొర ఒంటివేడికి వెచ్చబడి అక్కడే ఉండిపోతుంది. ఉండిపోవాలంటే సూటు ఒంటికి అంటుకోవాలి. బావగారి సూటు అంటుకోదు. కెరటం మెడ దగ్గర చొరబడి, నడుము వంపులో చెరువు కట్టి, చీలమండల దగ్గర బయటికొస్తుంది. వచ్చిన ప్రతిసారీ కొత్త చల్లనీళ్లు. గాలికంటే నీళ్లు పాతిక రెట్లు వేగంగా ఒంటివేడిని లాగేస్తాయని మనకి చెప్పింది కూడా ఆయనే.

తప్పు సైజుదని ఒప్పుకోవచ్చు. అబ్బే, మందం చాల్లేదన్నారు. త్రీ-టూ పోయి ఫోర్-త్రీ వచ్చింది, అదీ పోయి ఫైవ్-ఫోర్ వచ్చింది. మూడూ ఎక్స్‌ఎల్లే. చివరిదానిలో భుజాలు ఎత్తడమే గగనం, ఇక తెడ్డేసినట్టు చేతులాడించడం ఎక్కడ? ఆయన పార్కింగ్‌లో థర్మాస్ టీ పట్టుకుని వణుకుతుంటే, హైస్కూలు చదివే కూతురు బిగుతైన ఫోర్-త్రీలో శాంటా క్రూజ్ కావెల్స్ బీచ్ కెరటాల మీద రెండు గంటలు ఆడుకుని వచ్చింది. "డాడీ, షాపులో పైజామాలా హాయిగా ఉందంటే అది పెద్దదైనట్టు. చేతులెత్తి, గొంతుక్కూర్చుని చూడు. చంకలో, నడుము దగ్గర ఎక్కడా ఖాళీ ఉండకూడదు. పొడిగా ఉన్నప్పుడు బిగుతనిపించినా తడిస్తే కాస్త సాగుతుంది" అంది. "చిన్నపిల్లవి, నీకు ఫైవ్-ఫోర్ గురించి తెలీదు" అన్నారు బావగారు.

సెలవులకి వైజాగ్ వెళ్లినప్పుడు రుషికొండ దగ్గర కుర్రాళ్లు నిక్కర్లతో కెరటాలెక్కుతున్నారు. బంగాళాఖాతం వెచ్చగా ఉంటుంది, సూటు ప్రసక్తే లేదు. అంటే ఆయనకి ప్రసంగించడానికేమీ లేదు. పైగా ఒట్టి టీషర్టుతో దిగాలి, తడిస్తే అది అతుక్కుంటుంది. అందుకని గట్టుమీదే కూర్చుని మొక్కజొన్న పొత్తు తిన్నారు.

ప్రస్తుతం అక్కయ్యగారు గరాజ్ ఖాళీ చేయిస్తున్నారు. మూడు వెట్‌సూట్లు, అన్నీ ఎక్స్‌ఎల్, ఎక్కువ వాడనివి, మంచి కుట్టు. ఆరడుగుల పైన ఉండి, దానికి తగ్గ ఛాతీ ఉన్న తెలుగువారెవరైనా ఉంటే ఫోన్ చెయ్యండి. బావగారు ఎత్తితే మాత్రం పెట్టేసి, ఆవిడకే చెయ్యండి.