మామగారి పద్మిని, అల్లుడి ఆటోమేటిక్

మా మామగారిది 1984 నాటి ప్రీమియర్ పద్మిని. నాది ఈఎంఐ మీద కొత్తగా గృహప్రవేశం చేసిన చిన్న ఆటోమేటిక్ కారు. బెంగళూరు జయనగర్‌లో రెండింటికీ ఒకటే వాకిలి. అందుకని ఏది గొప్పదన్న వాదన ఉప్మాతో మొదలై రాత్రి మజ్జిగన్నం దాకా సాగుతుంది.

హిందూపురం నుంచి వచ్చి హెచ్‌ఏఎల్‌లో విమానాలు బిగించి రిటైరైన మనిషాయన. ఎక్కడైనా చరిత్ర నుంచే ఎత్తుకుంటారు.

"మన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1930లలోనే మైసూరు సంస్థానంలో కార్ల ఫ్యాక్టరీ పెట్టించాలని చూశారు, అల్లుడుగారూ. దొరల ప్రభుత్వం పడనివ్వలేదు. వాల్‌చంద్ హీరాచంద్ 1940లో ఇక్కడ విమానాల ఫ్యాక్టరీ పెట్టి, 1944లో ప్రీమియర్ కంపెనీని బొంబాయిలో పెట్టుకున్నాడు."

అంటే కార్లు రావలసిన ఊరికి విమానాలొచ్చాయి. సిల్క్ బోర్డు జంక్షన్‌లో సాయంత్రం ఆరింటికి ఇరుక్కున్నవాడికి ఇందులోని దూరదృష్టి బాగా అర్థమవుతుంది.

పద్మినికి గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే. ముందంతా ఒకటే పొడుగు సీటు. మామూలు రోజుల్లో ముగ్గురు, పెళ్లిళ్ల సీజన్లో నలుగురు. చలికాలం పొద్దున చోక్ లాగి కాస్త బతిమాలుకోవాలి. ఎండాకాలం ట్రాఫిక్‌లో పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వెయ్యడం కార్బ్యురేటర్ కార్లన్నిటికీ ఇంటివైద్యమే కాబట్టి, మామగారి డిక్కీలో తువ్వాలు, నీళ్ల సీసా సిద్ధంగా ఉంటాయి.

నా కారుకు నేనేమీ చెయ్యనక్కర్లేదు. నన్ను బాగుచెయ్యడమే దాని పని. బెల్టు పెట్టుకోలేదని కూత. తలుపు సరిగా పడలేదని కూత. పక్క సీట్లో గుమ్మడికాయ పెడితే, దానికీ బెల్టు పెట్టమని కూత. వెనక్కి తీస్తే పక్కింటి తులసికోటను చూసి కెవ్వుమంటుంది. పద్మిని వెనక్కొస్తే పక్కింటాయనే స్వయంగా కెవ్వుమంటాడు. నేను ఎయిర్‌బ్యాగుల ఊసెత్తితే మాత్రం మామగారికి హఠాత్తుగా కాఫీ గుర్తొస్తుంది.

"ఎంతైనా మీది పాతకాలపు పెద్ద కారు, నాది కాంపాక్ట్" అన్నానొకసారి. ఆయన టేపు తెచ్చి కొలిచారు. నాలుగు మీటర్ల లోపే తేలింది. ఇంజను 1,089 సీసీ. నాలుగు మీటర్లు, 1,200 సీసీ దాటని పెట్రోలు కారును పన్నులవాళ్లు చిన్న కారనే అంటారు.

"మాదీ కాంపాక్టే. చెప్పుకోవడం తెలియదంతే!" అన్నారు.

వేగం సంగతి ఊళ్ల ట్రాఫిక్ లెక్కలు కట్టే టామ్‌టామ్ సంస్థ తేల్చింది. 2022 లెక్కల్లో బెంగళూరు నడిబొడ్డున 10 కిలోమీటర్లకు సగటున 29 నిమిషాలు. అంటే గంటకు ఇంచుమించు 20 కిలోమీటర్లు. ఆ నడకకు పద్మినికి నాలుగో గేరు దండగ, నాకు ఈఎంఐ దండగ.

ఇక చివరి అస్త్రం తీశాను. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. "2034లో మీ పద్మినికీ ఆ గౌరవం దక్కుతుంది. అయితే ఆ తర్వాత ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజూ రోడ్డెక్కకూడదు" అన్నాను.

మామగారు తాళాలు జేబులో వేసుకున్నారు. "నేను రిటైరైన రోజున నాకూ శాలువా కప్పి, ఇక ఇంట్లో హాయిగా కూర్చోమన్నారు, అల్లుడుగారూ. మీ అత్తగారు ఆ శాలువా మడతపెట్టి, చేతికి కూరల సంచీ ఇచ్చింది."