ఛోటా హాథీ నిషేధ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

వ్యావసాయిక్ వాహన్ యహా ఖడా కర్నా మనా హై. ఆదేశానుసార్.

అవతారిక

తక్కువ అక్షరాలలో, సందేహానికి తావివ్వకుండా, సారమంతా చెప్పేది సూత్రమని శాస్త్రకారుల నిర్వచనం. పై సూత్రం అక్షరాల పొదుపులో పాణినికి తీసిపోనిదే అయినా, సందేహం తీర్చే విషయంలో చదివినవారినందరినీ వీధిన పడేసింది గనుక దీనికి టీకా తాత్పర్యాలు అవసరమైనాయి. ఇది ఏ ఒక్క గోడ మీదిదీ కాదు. ఉక్కు నగరాల వీధి మొగల్లోనూ, మహానగరాల అపార్ట్‌మెంట్ గేట్ల మీదా కనిపించే నానా పాఠాలను పోల్చి, వ్యాఖ్యాన సౌలభ్యం కోసం పరిష్కరించిన మూలం. దీన్ని భిలాయి సెక్టర్ 6లో ప్రతిష్ఠించడానికి కారణం ఉంది. ఇళ్లకు నివాసులే తప్ప యజమానులు లేని చోట ఇళ్ల యజమానుల సంఘపు నిబంధన దేని మీద నిలబడుతుందో పరిశీలించడానికి ఇంతకంటే అనువైన స్థలం దొరకదు.

మెదక్ సీమకు చెందిన కొలిచెలమ మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో ఆధారం లేనిదేదీ రాయననీ, అవసరం లేనిదేదీ చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత మూలంలో ఉన్నదే ఏడెనిమిది మాటలు గనుక మొదటి నియమం ఇక్కడ సాగదు.

దేశకాలాలు

భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది; 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఫర్నేసుల దగ్గర పనిచేసేవారి కోసం సెక్టర్లు, సెక్టర్లలో సడకులు, సడకుల వెంబడి క్వార్టర్లు లేచాయి. క్వార్టరు ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతో పోయేది. కొన్నింటిని తరువాతి కాలంలో దీర్ఘకాలపు లీజుకు ఇచ్చినా, నేల మాత్రం కర్మాగారానిదే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా పోయే రైలు మార్గాన వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, తండ్రి ప్లాంటులో రిటైరై లీజు క్వార్టరులో ఉండగా కొడుకు టెంట్ హౌస్ పెట్టుకోవడం వింత కాదు. టెంట్ హౌస్ అంటే పెళ్లిళ్లకూ, పూజలకూ, పెద్దకర్మలకూ షామియానాలు, కుర్చీలు, జంబుఖానాలు, వంట గుండిగలు అద్దెకిచ్చే కొట్టు. కొట్టుకు బండి కావాలి. సూత్రానికి లక్ష్యం ఆ బండే.

టీక

వ్యావసాయిక్ వాహన్: తెలుగువాడు దీన్ని వ్యవసాయపు బండి అనుకుని ట్రాక్టర్ల కోసం అటూ ఇటూ చూసే ప్రమాదం ఉంది గనుక, హిందీలో వ్యవసాయమంటే వ్యాపారమని ముందుగా గ్రహించాలి. బండిని చూసి అది వ్యాపారానిదో కాదో తేల్చడం ఎలాగంటే, గుర్తు పలక రంగులో ఉంది: సొంత బండికి తెల్ల పలకపై నల్ల అక్షరాలు, అద్దెకో సరుకుకో తిరిగే బండికి పసుపు పలకపై నల్ల అక్షరాలు ఉండాలని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి సూత్రకారుడి మనసులో ఉన్న లక్షణం పసుపుదనమే.

ఈ లక్షణానికి తార్కికులు చెప్పే మూడు దోషాలలో రెండు పట్టాయి. చెందవలసినదానికి చెందకపోవడం అవ్యాప్తి; వీపున పెద్ద సంచీతో రోజంతా ఇంటింటికీ భోజనం చేరవేసే మోటారు సైకిలుకు తెల్ల పలకే ఉంటుంది, కారు డిక్కీలో చీరలు సర్దుకుని ఇరుగుపొరుగుకు వాయిదాల మీద అమ్మే గృహిణి బండికీ తెల్ల పలకే. చెందకూడనిదానికి చెందడం అతివ్యాప్తి. గ్యాసు సిలిండర్ల బండి, పిల్లలను బడికి తీసుకుపోయే వ్యాను పసుపు పలకవే అయినా వాటిని నిషేధించే ధైర్యం ఏ సూత్రకారుడికీ లేదు. గ్యాసు బండి ఒక్కరోజు రాకపోతే నిషేధించినవారే ఫోన్లు చేస్తారు.

యహా: ఇక్కడ. ఎక్కడ అన్నది గోడకు తెలియాలి.

ఖడా కర్నా: నిలపడం. దించి ఎక్కించి పోయేంతసేపు ఆపడమా, రాత్రంతా ఉంచడమా అన్నది మూలం చెప్పలేదు. రాత్రి నిలపడమే నిషేధ విషయమని సంప్రదాయజ్ఞుల మతం; ఎందుకంటే పగలు ఆ బండి ఎలాగూ ఊరు తిరుగుతూ ఉంటుంది.

మనా హై: నిషేధం. ప్రసక్తి ఉన్నదానికే నిషేధం ఉంటుందని మీమాంసకుల మాట, అనగా ఎవరూ చేయని పనిని ఎవరూ వద్దనరు. సెక్టర్ 6లో ఏనుగులను కట్టరాదని ఎవరూ బోర్డు పెట్టలేదు అని ఇక్కడ ఉదాహరణ చెప్పబోతే, పెట్టినట్టే అయింది. ఎలాగన, నిషిద్ధ వాహనానికి ఆ ప్రాంతంలో వ్యవహార నామం ఛోటా హాథీ, చిన్న ఏనుగు.

విశేషం: గజ లక్షణం

2005లో టాటా సంస్థ విడుదల చేసిన ఏస్ అనే చిన్న సరుకు బండికి ఉత్తరాదిలో జనం పెట్టుకున్న పేరు ఛోటా హాథీ. పాలకాప్య ముని పేర ప్రసిద్ధమైన గజశాస్త్రంలో ఈ జాతి కనిపించదు. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, సుమారు ముప్పావు టన్ను మోసే సత్తా, ఇరుకు సందుల్లోనూ తిరిగే ఒడుపు దీని లక్షణాలు. పొడవు 3.8 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు. అదే సడకులో నిరాక్షేపంగా నిలిచే తెల్ల పలక డిజైర్ కారు పొడవు నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ. నాలుగు దాటితే పన్ను పెరుగుతుంది గనుక అక్కడ ఆగింది. ఫార్చ్యూనర్ అయితే పొడవు దాదాపు 4.8 మీటర్లు, వెడల్పు 1.85 మీటర్లు దాటుతుంది. గుణించి చూస్తే చిన్న ఏనుగు ఆక్రమించే నేల 5.7 చదరపు మీటర్లు, తెల్ల పలక మహారథం ఆక్రమించేది దాదాపు 8.9. జాగా కోసమే నిషేధమైతే ఏనుగు నిలవాలి, రథం కదలాలి.

పూర్వపక్షం

పూర్వపక్షమంటే సిద్ధాంతానికి ముందు ఎదుటివారి వాదాన్ని వారికంటే బాగా చెప్పడం. సెక్టరు పెద్దల వాదాలలో జాగా గురించినది పై లెక్కతో పడిపోయింది. శోభ గురించినది, అనగా ఇనుప గొట్టాలు కట్టిన బండి ఇంటి ముందుంటే వీధి గోదాంలా కనిపిస్తుందన్నది, కర్మాగారపు చిమ్నీలు కనిపించే ఊళ్లో చెప్పుకోవలసిన మాట కాదు. ఇనుము చూసి కళ్లు మూసుకునేవారు భిలాయికి ఎందుకు వచ్చినట్టు?

చప్పుడు గురించిన వాదం మాత్రం గట్టిది, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చరాదు. షిఫ్టుల ఊరిలో అందరికీ ఒకే రాత్రి ఉండదు. నైట్ షిఫ్టు దిగినవాడు పగలు, ఫస్ట్ షిఫ్టుకు పోవలసినవాడు తెల్లవారకముందు దాకా నిద్రపోవాలి. ముహూర్తం తెల్లవారుజామున పడిందంటే టెంట్ హౌస్ బండి మూడింటికే స్టార్టవుతుంది, రెండు సిలిండర్ల ఇంజను చలిలో దగ్గినట్టు దగ్గి గాని అందుకోదు, గొట్టాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. “ఏటి బాబూ, నీ బండి లేచిందంటే మా ఇంటిల్లిపాదీ లేవాల్సిందేనా?” అని పక్క క్వార్టరు పెద్దాయన అడిగితే దానికి శాస్త్రంలో సమాధానం లేదు. “ఇంకనించి సందు చివరిదాకా తోసుకెళ్లి స్టార్ట్ చేస్తానండి, మాస్టారూ” అన్నదే సమాధానం. దాన్ని పాటించేవారి బండిని దగ్గర నుంచి చూస్తే, వెనక తలుపు గొలుసుకు పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగి ఉంటుంది. గొట్టాల కట్టకూ, బండి అంచుకూ మధ్య చిరిగిన జంబుఖానా మడత దోపి ఉంటుంది. ఏ నోటీసూ అడగని నియమాలివి.

బండిని ఎక్కడో పెట్టుకోవచ్చు గదా అన్నది మరొక వాదం. సుపేలా వైపు ఖాళీ జాగాలో పెడితే, రాత్రి స్టెప్నీ టైరు, బ్యాటరీ, ట్యాంకులో డీజిలు తెల్లారేసరికి ఉంటాయో లేదో అన్న దిగులు ఒకటి, మూడింటికి స్కూటరు మీద అక్కడికి పోవడం ఒకటి. ఆ స్కూటరు చప్పుడు మళ్లీ అదే సడకులోనే.

కాకదధి న్యాయం

పెరుగును కాకుల బారి నుంచి కాపాడమని ఇంటి పెద్ద చెప్పిపోతే, పిల్లి వచ్చినప్పుడు కాకి కాదు గదా అని ఊరుకునేవాడు ఆజ్ఞను పాటించినవాడు కాదు. అక్కడ కాకి అన్నమాట పెరుగు పాడుచేసే ప్రతిదానికీ గుర్తుగా వాడినది. దీన్ని ఉపలక్షణం అంటారు. సూత్రంలోని వ్యావసాయిక వాహనాన్నీ అలాగే ఉపలక్షణంగా తీసుకుంటే, దారి మూసే, నిద్ర చెడగొట్టే, పిల్లల ఆటస్థలం ఆక్రమించే ప్రతి బండీ నిషేధం కిందికి వస్తుంది, పలక రంగుతో పని లేకుండా. పండగకు రాయపూర్ నుంచి వచ్చి గేటుకు అడ్డంగా మూడు రోజులు నిలిచే అల్లుడి కారు పిల్లి వంటిది. ఉపలక్షణం కాదంటే మాత్రం సూత్రానికి మిగిలే ప్రయోజనం ఒకటే: పని చేసి బతికే బండి కళ్లబడకుండా ఉండడం. పని చేయడానికే కట్టిన ఊరిలో ఈ ప్రయోజనాన్ని పైకి చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

ఆదేశానుసార్: ఆజ్ఞ ప్రకారం. ఎవరి ఆజ్ఞ? ఒక పదం మరో పదాన్ని కోరడాన్ని ఆకాంక్ష అంటారు. ఈ పదానికి ఆజ్ఞాపించిన కర్త కావాలి, మూలంలో కర్త లేడు. మోటారు వాహనాల చట్టం, 1988, 117వ సెక్షన్ బండ్లు నిలిపే చోట్లను నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థకూ ఇచ్చింది. క్వార్టర్ల నేలకు స్వామి కర్మాగారం. వీధి పెద్దల చేతిలో ఉన్నది పెయింటు డబ్బా, కుంచె.

ప్రతిపక్ష దేశం

అమెరికాలో ఇళ్ల యజమానుల సంఘాలకు ఒప్పంద బలం ఉంది, జరిమానా వేసే అధికారం ఉంది. అక్కడ ఇల్లు కొన్న తెలుగువారికి గడ్డి ఎత్తు దగ్గర నుంచి ఈ సంగతులు తెలుసు. అలాంటి దేశంలోనే ఫ్లోరిడా రాష్ట్రం, 2024 జూలై 1 నుంచి అమలైన చట్టంలో, భారీ వాణిజ్య వాహనం కాని పనిబండిని సొంతదారు తన ఇంటి ముందరి దారిలో నిలుపుకుంటే, దాని మీద సంస్థ పేరు రాసి ఉన్నా సరే, సంఘం అడ్డుచెప్పరాదని శాసించింది. అధికారమున్న సంఘాల చేయి అక్కడ పట్టుకోగా, అధికారం లేని గోడ ఇక్కడ శాసిస్తున్నదన్నది గమనార్హం.

తాత్పర్యం

యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర అనే వ్యాఖ్య, బ్రిటిషు కాలపు న్యాయస్థానాలలో వారసత్వ చట్టంగానే చెల్లింది గనుక, వ్యాఖ్యలను మరీ చిన్నచూపు చూడరాదు. ఆ ధైర్యంతో తేల్చిన అర్థమిది: ఏ రంగు పలకదైనా సరే, పొరుగువాడి గేటుకూ, అంబులెన్సు దారికీ అడ్డు రాకుండా, సరుకు దించి, నిద్రవేళల్లో వీధి నడుమ ఇంజను మోగించకుండా నిలిచే బండి నిలవవచ్చును; అలా కానిది డిజైర్ అయినా, ఫార్చ్యూనర్ అయినా, ఏనుగు అయినా కదలవలెను. ముహూర్తపు రోజులకు ముందురోజే ఇరుగుపొరుగుకు చెప్పడం శిష్టాచారం. సూత్రం రాసినవారి ఇంటి పెళ్లికి షామియానా తెచ్చిన బండి మూడు రాత్రులు ఆ గోడ పక్కనే ఉండడం అపవాదం, అనగా సామాన్య నియమానికి ప్రత్యేక మినహాయింపు. దీనికి పెద్దల ఆచారమే ప్రమాణం, వేరే ఆధారం వెతకనక్కరలేదు.

2022లో వచ్చిన విద్యుత్ ఏస్‌కు ఆకుపచ్చ పలకపై పసుపు అక్షరాలుంటాయి, ఇంజను చప్పుడూ ఉండదు. అది అక్షరాలను బట్టి నిషిద్ధమా, పలకను బట్టి అనుమతమా అన్న చర్చ, అలాంటి బండి సెక్టర్ 6లో నిలిచిన మరునాడు పుట్టే వ్యాఖ్యాతలకు విడిచిపెట్టడమైనది.