వాల్వు బాబాయిగారు

ఉద్యోగము చాలించి, పింఛను పుచ్చుకొనుచు, ఉదయము పత్రికతోడను సాయంకాలము కోనేరుసెంటరు షికారుతోడను కాలము వెళ్ళబుచ్చవలసిన బందరు పెద్దమనుష్యుడు, ఏ దుర్ముహూర్తముననో అటకమీదినుండి తండ్రిగారినాటి మర్ఫీ రేడియోను దింపి, వెనుకపలక మరలు విప్పి, బూజు దులిపి లోపలికి తొంగిచూచెనా, అంతటితో ఆయన సంసారమునకు చెల్లినట్లే. ఇట్టివారు ఊరికి నలుగురైదుగురు కలరు. వారినందఱను నేను వాల్వు బాబాయిలని వ్యవహరించుచుందును. నేనెఱిగిన బాబాయిగారు మొదట వసారాలో ఒక్క బల్లను మాత్రమే ఆక్రమించిరి. కొన్నాళ్ళకు మంచముక్రిందికి ఫిలిప్సు, బుష్, టెలిఫంకను సెట్లు చేరినవి. పిమ్మట ఆవకాయ జాడీలుండవలసిన అటకపైకి ట్రాన్స్‌ఫార్మర్లును, జాడీలు వీథియరుగుమీదికిని వచ్చినవి. పిన్నిగారు ఇంతవఱకు సహించిరి. పుట్టింటివారిచ్చిన వెండి కుంకుమభరిణెలో సోల్డరింగు పేస్టు ప్రత్యక్షమైననాడు మాత్రము ఆ యింట పొయ్యి వెలుగలేదు.

విశేషమేమన, ఆయన రేడియోను బాగుచేయుదురుగాని రేడియో వినరు. 1948 డిసెంబరు 1వ తేదీన మొదలైన విజయవాడ ఆకాశవాణిని మన జిల్లావారందఱును పాటలకొఱకును నాటకములకొఱకును వినగా, ఆయన మాత్రము పెట్టె పలుకుచున్నదా గొణుగుచున్నదా యని తెలిసికొనుటకై విందురు. గుడివాడ చేరువ చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాలవారు కరుణరసమున కరిగి పాడుచుండ, మనము కన్నులు తుడుచుకొనుచుండ, బాబాయిగారు పెట్టెకు చెవియానించి, “హమ్మింగుందోయ్! ఫిల్టరు కండెన్సరు ఎండిపోయింది” అందురు. వార్తలలో మంత్రివర్గము కూలినను వారికి పట్టదు. వార్తలు చదువువాని సకారము చీలినచో రాత్రి నిద్రపట్టదు. ఈ చెవి మనుష్యులయెడకూడ అలవాటైపోయినది. గుడివాడలో మేనకోడలి పెండ్లికి పోయి, మంగళసూత్రధారణవేళ అందఱును అక్షతలు చల్లుచుండ, తాము మాత్రము మైకుసెట్టు యాంప్లిఫయరు చెంత గొంతుకూర్చుండి, “ఎర్తు ఇవ్వలేదేమయ్యా?” అని ఆ కుఱ్ఱవానిని నిలదీయుచుండిరి. అక్షతలు వారి గుప్పిటిలోనే యుండిపోయినవి. వియ్యాలవారి పెద్ద తమను మర్యాదచేయలేదని గొంతు పెంచి పలుకగా, ఆ మాటల యర్థము విడిచి, “ఏవండీ, తమకు బేసు బొత్తిగా పోయినట్టుంది, చూపించుకోండి” అనిరి.

న్యాయము చెప్పవలెనన్న, బందరులో వాల్వుసెట్టునకు రోగము వచ్చుటకంటె రాకుండుటయే వింత. సముద్రపు టుప్పుగాలి ఛాసీకి త్రుప్పును, వాల్వుకాళ్ళకు చిలుమును పట్టించును; మైనము పూసిన కాగితపు కండెన్సర్లు తేమ పీల్చి, ఆపవలసిన కరెంటును కారనిచ్చును; ఆ కారినది అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డును చేరి, ఈ.ఎల్.84 వంటి గట్టిదానినైనను ఎఱ్ఱగా కాల్చి చంపును. చాలక ఎలుకలు డయలుత్రాటిని కొఱుకును. ఏది చెడినదో మల్టీమీటరు చెప్పునుగాని ఎక్కడ దొరకునో చెప్పదు. అందుచే బాబాయిగారు వాల్వుఖరీదుకు మించిన రైలుఖర్చులు పెట్టుకొని హైదరాబాదు కోఠీలోని గుజరాతీగల్లీకో, చెన్నపట్టణపు రిచీవీథికో పోవుదురు. ఇంటిలో మాత్రము యాదగిరిగుట్ట యనియు తిరుత్తణి యనియు చెప్పుదురు.

పాతసెట్ల వేటలో మోపిదేవి మీదుగా దివిసీమకును పోవుదురు. అట్టి యొక ప్రయాణమున నేనును వెంటనుంటిని. నాగాయలంక సమీపమున ఒక ముసలమ్మగారు బుష్ రేడియోను తెప్పించి ముంగిట చాపపై పెట్టించి, 1977 నవంబరు 19 నాటి రాత్రి వేలమందిని పొట్టనబెట్టుకొన్న ఆ యుప్పెన తమయూరి కెట్లు వచ్చినదియు, తాము తాటిచెట్టును కౌగిలించుకొని తెల్లవాఱువఱకు ఎట్లు నిలిచినదియు, నీరు తీసిన పిదప ఆ పెట్టె పొలములోని బురదలో దొరకినదియు చెప్పుచుండగా నాకు గొంతు పూడుకొనిపోయినది. బాబాయిగారు సెట్టును బోర్లించి, ట్రాన్స్‌ఫార్మరును గోటితో గీకి, “ఎన్నాళ్ళు నానిందమ్మా?” అనిరి. ఆమె నిర్ఘాంతపోయి చూచినది. “అదికాదమ్మా, రెండు మూడు రోజులైతే వైండింగు బతికి ఉండొచ్చు. వారమైతే లాభంలేదు.” ఆ పెట్టెనే ఎత్తి వారి నెత్తిన వేయుదునా యని నాకు తోచినది. ఆమెయో, వ్రేళ్ళు ముడిచి లెక్కించి, “మూడోనాడు దొరికింది నాయనా, మా ఆయనే భుజానేసుకొచ్చాడు” అని, మేము వచ్చినది మొదలు నవ్వనిది అప్పుడు నవ్వినది. ఉప్పెనకథ అడిగినవారు ఆమెను చాలమందియే చూచియుందురు. పెట్టె యోగక్షేమము విచారించినవాడు ఈయన యొక్కడే కావచ్చును.

రేడియోలతో తనివితీరక ఇప్పుడు టెలివిజనుమీద పడినారు. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రయోగాత్మకముగా మొదలైన ఆ విద్య మన డెల్టాను చేరునప్పటికి, ట్రాన్సిస్టర్లు వాల్వులను మెడబట్టి గెంటుచునే యుండెను. కనుక వాల్వు టీవీ ఇచ్చట అరుదు. బొంబాయినుండి బదిలీయై వచ్చిన ఏ యుద్యోగి సామానులలో వచ్చెనోగాని, ఒకటి గుడివాడ పాతసామానుల కొట్టున వీరి కంటబడినది. దానిలోని వాల్వుల ఫిలమెంట్లన్నియు వినాయకచవితి పందిటి సీరియల్‌బల్బులవలె ఒకే వరుసన గ్రుచ్చబడియుండును; ఒకటి తెగిన అన్నియు చల్లబడును, దోషి యెవరో తేలుటకు అందఱిని విచారింపవలెను. ఇక పిక్చర్‌ట్యూబు, స్విచ్చి తీసిన పిమ్మటకూడ వేలకొలది వోల్టులను కడుపులో దాచుకొని, వ్రేలుపెట్టువానికొఱకు వేచియుండును. అందుచే బాబాయిగారు ఎడమచేతిని లాల్చీజేబులో నుంచుకొని ఒంటిచేతితోనే పనిచేయుదురు. ఆ సమయమున పిన్నిగారు వంటింటి గుమ్మమున నిలిచి మంగళసూత్రములు కన్నుల కద్దుకొనుచుందురు.

“బాబాయిగారూ, దీనికందే పాత ప్రసారాలు మూసేశారుగదా, బాగైతే మాత్రం ఏం చూస్తారు?” అని యడిగితిని.

“రాస్టరు చూస్తాను.”

రాస్టరనగా బొమ్మలేని వట్టి తెల్లని వెలుగు. 625 గీతలు సెకనుకు 25 మాఱులు గీయబడుటచే తెరనిండిన వెలుగు.

“బొమ్మదేముందిలేవోయ్, అది ఢిల్లీవాళ్ళది. రాస్టరు మనది.”

రాస్టరునకు ముందు కూత రావలెను. 625ను 25చే హెచ్చవేసిన 15,625. సెకనుకు అన్ని కంపనములుగల ఆ సన్నని కూత, లైనుభాగమునకు ప్రాణము వచ్చినదనుటకు తొలిగుర్తు. విధివిలాసమేమన, కండెన్సరు జబ్బును వీథిచివరనుండి పసికట్టు ఆ చెవులకు, వయోధర్మముచే, ఈ కూత యొక్కటియే వినబడదు. ఎనిమిదేండ్ల మనుమనికి వినబడును. కావున వాడు వినినప్పుడెల్ల ఒక బందరులడ్డు వేతనముగా నియమింపబడినాడు.

మొన్న నేను పోవునప్పటికి, బాబాయిగారు తల పెట్టెలో దూర్చి, “వస్తోందిరా?” అనుచుండిరి.

“వస్తోంది తాతయ్యా.”

“బాగా వస్తోందా?”

“ఇందాకటికంటే బాగా వస్తోంది.”

లోపలినుండి విసనకఱ్ఱ చప్పుడుతోపాటు పిన్నిగారి కంఠము వినవచ్చినది: “కరెంటు పోయి అరగంటైంది. వాడికిది నాలుగో లడ్డు.”

బాబాయిగారు తల వెలుపలికి తీసి, స్విచ్చివంక నొకమాఱును మనుమనివంక నొకమాఱును చూచి, “కండెన్సర్లలో చార్జి మిగిలి ఉంటుందిలే” అని, లడ్డూల పొట్లము వాని కందిచ్చిరి.