రెండొందల యూనిట్ల చలికాలం

రాయలసీమలో పుట్టినవాడు వేడిని డబ్బు పోసి కొనడమంటే, సముద్రం ఒడ్డున కాపురముండి ఉప్పు చేబదులు అడగడమే. మే నెలలో తాడిపత్రి వీధిలోకి అడుగు పెడితే 43 డిగ్రీలు ఉచితం. వద్దన్నా ఇంట్లోకి వచ్చి కూర్చుంటాయి. ఆ ఊరి అల్లుణ్ణి, ఆ పక్క గుత్తిలో ఎండకు ఎండినవాణ్ణి, బెంగళూరులో వేడి కోసం బేరమాడాను. చెప్పుకోవడానికి నామోషీగానే ఉంది. కానీ మా ఆవిడ ఇప్పటికే తన వైపు చుట్టాలకు పూర్తిగా, నా వైపు చుట్టాలకు ఇంకాస్త పూర్తిగా చెప్పేసింది కాబట్టి దాచుకోవడానికి మిగిలిందేమీ లేదు.

మాది రామ్మూర్తి నగర్ వైపు థర్టీ ఫార్టీ సైటు. ఈ ఊళ్లో గ్యారేజీ అంటే కారు తప్ప మిగతావన్నీ పెట్టుకునే చోటు. కారు వీధిలో కానుగ చెట్టు కింద పడుంటుంది. లోపల స్కూటరు, పిల్లల సైకిళ్లు, పాత కూలరు, అట్టపెట్టెలు. వాటి మధ్యలోకి నేనూ చేరాను. రాత్రి పదింటి నుంచి నాకు అమెరికావాళ్లతో కాల్స్. నేను మెల్లగానే మాట్లాడతానని నా నమ్మకం. మా ప్రాజెక్టు రిలీజ్ ఎప్పుడో మూడో ఇంటివాళ్లకు కూడా తెలుసని మా ఆవిడ వాదన. అమ్మాయి పదో తరగతి పరీక్షలు దగ్గర పడేసరికి తీర్పు ఆవిడ పక్షాన వచ్చింది. నా టేబులూ కుర్చీ కిందికి దిగాయి.

బెంగళూరు సముద్రమట్టానికి 3,000 అడుగుల ఎత్తులో ఉంది. జనవరి రాత్రుళ్లు 15, 16 డిగ్రీలు మామూలే. "ఢిల్లీవాళ్లు వింటే నవ్వుతారు" అంది మా ఆవిడ. 1884 జనవరి 13న ఇదే ఊళ్లో 7.8 డిగ్రీలు నమోదైందని చరిత్ర తీశాను. "ఆ రోజు మీకు కాల్స్ ఏమైనా ఉన్నాయా?" అంది.

పైగా గ్యారేజీ చలి ఇంట్లో చలి కాదు. ఎదురుగా గోడకు బదులు పల్చటి ఇనప షట్టరు. దాని కింద నా అరచెయ్యి దూరేంత సందు. నేల మీద తాడిపత్రి నల్లబండలు. ఇల్లు కట్టేటప్పుడు మా మామగారు దగ్గరుండి లారీకెత్తించారు. "చల్లగా ఉంటాయప్పా" అని అప్పుడే చెప్పారు. ఆయన మాట ఇంత నిజమవుతుందని అనుకోలేదు. చెప్పులేసుకున్నా అరికాళ్లలోంచి చలి మోకాళ్ల దాకా పాకేది.

ఎస్పీ రోడ్డుకు వెళ్లి హీటరు బేరమాడాను. కాయిల్‌ది, హాలోజన్‌ది, ఆయిల్‌ది అని రకాలున్నాయి గానీ, ఏదైనా యూనిట్ మింగితే యూనిట్ వేడే ఇస్తుంది. తేడా ఆ వేడిని మన మీదికి తోలే పద్ధతిలోనే. కాబట్టి అన్నిట్లోకీ చవకది, 2,000 వాట్లది తెచ్చాను. దానికి దాదాపు తొమ్మిది ఆంపియర్ల కరెంటు కావాలి. టేబుల్ లైటు పెట్టే చిన్న ప్లగ్గు చాలదు, గీజరు ప్లగ్గు లాంటి 16 ఆంప్స్‌ది కావాలి. ఎలక్ట్రీషియన్ కూలీ హీటరు ధరలో సగమైంది. చవక బేరం అక్కడే సగం చచ్చింది.

మిగతా సగాన్ని గృహజ్యోతి చంపింది. 2023లో కర్ణాటక ప్రభుత్వం తెచ్చిన ఈ పథకంలో, 2022-23లో నెలకు సగటున ఎంత వాడామో దానికి పది శాతం కలిపి అంతవరకు కరెంటు ఉచితం. మా సగటు 110, అంటే 121 దాకా బిల్లు సున్నా. అది దాటితే పైవాటికి కట్టాలి. 200 దాటామా, మొదటి యూనిట్ నుంచీ మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది. మధ్యతరగతి మనిషికి స్వర్గానికీ నరకానికీ మధ్య గోడ ఆ రెండొందల ఒకటో యూనిట్టే. నా హీటరు గంటకు రెండు యూనిట్లు తింటుంది. నాలుగు గంటలకు ఎనిమిది. శని, ఆదివారాలు తీసేసినా నెలకు 170 పైచిలుకు. ఇంటి వాడకం కలిపితే 280.

ఇక నాకు మీటరు పిచ్చి పట్టింది. సాయంత్రం టార్చిలైటు వేసి అంకెలు రాసుకునేవాణ్ణి. ఫ్రిజ్ తలుపు తీసి ఆలోచించేవాళ్లను కసిరేవాణ్ణి. ఇంట్లో ఇస్త్రీ మాన్పించి బట్టలు ఇస్త్రీ బండికి పంపాను. ఆ ఖర్చు నా లెక్కలోకి రాలేదు. ఆవిడ లెక్కలోకి వచ్చింది.

ఒక రాత్రి కాల్ మ్యూట్‌లో పెట్టి కూడికలు చేశాను. గ్యారేజీ పదడుగుల వెడల్పు, పద్దెనిమిది పొడవు, పది ఎత్తు. అందులో ఉన్న గాలి మహా అయితే 55 కిలోలు. దాన్ని ఐదు డిగ్రీలు వేడెక్కించడానికి యూనిట్‌లో పదో వంతు కూడా పట్టదు! మరి నా ఎనిమిది యూనిట్లూ ఎటు పోతున్నట్టు? ఇనప షట్టరు, నల్లబండలు, గోడలు తాగినంత తాగి, మిగిలింది సందులోంచి వీధిలోకి. మా వీధి కుక్క కారు కింద పడుకోవడం మానేసి షట్టరుకు వీపు ఆనించి పడుకోవడం అప్పుడు గమనించాను. ఈ లెక్క నాకన్నా ముందే తేల్చుకున్న జీవి అది.

వేడి కొనడం కంటే, ఉన్న వేడిని పోనివ్వకుండా పట్టుకోవడం చవక. థర్మాకోల్ షీట్లు తెచ్చాను. థర్మాకోల్ అంటే చాలావరకు బందీ చేసిన గాలే. కదల్లేని గాలి వేడిని తొందరగా దాటనివ్వదు. షట్టరు లోపలి వైపు నీటుగా అతికించాను. అతికించిన షట్టరు పైకి చుట్టుకోదని మర్నాడు పొద్దున స్కూటరు తీయబోయిన మా ఆవిడ కనిపెట్టింది. వాటిని పీకి, చెక్క రీపర్లకు బిగించి, పక్కకు జరిపే తడికెలా నిలబెట్టాను. కుర్చీ కింద ఒక షీటు, దాని మీద జంపఖానా. షట్టరు సందులో కుక్కడానికి పాత చీర ఒకటి చుట్టచుట్టాను. పాత చీర అనే వస్తువు లోకంలో లేదని, నేను పాతదనుకున్నది తన సీమంతం నాటిదని ఆ సాయంత్రం తెలిసింది. ఇప్పుడు ఆ సందులో నా రెండు లుంగీలున్నాయి.

మధ్యలో కుంపటి ఆలోచన కూడా వచ్చింది. బొగ్గులు చవక, మీటరు తిరగదు. మా ఆవిడ బొగ్గుల సంచి లాక్కుంది. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. హీటరుకూ ఆవిడ షరతులు పెట్టింది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. నేల మీద ఎర్రగా మండే కాయిల్ పక్కన స్కూటరు వద్దంటే వద్దంది. థర్మాకోల్ కూడా ఇట్టే అంటుకునే సరుకే. స్కూటరు కానుగ చెట్టు కిందికి పోయింది. కొన్నాళ్లకు హీటరు అటకెక్కింది.

ఎందుకంటే ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి వంద వాట్ల దాకా వేడి వస్తుందని చదివాను. "నేనే ఒక వంద వాట్ల బల్బుని" అన్నాను గర్వంగా. "బల్బయితే కాస్త వెలుతురన్నా ఉండేది" అంది. అయినా మేడ మీది సోలార్ ట్యాంకులోంచి వేడినీళ్లు పట్టి రబ్బరు సంచీలో పోసిచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, మంకీ క్యాప్ తగిలించి, బొంత కప్పుకుని కెమెరా ఆపేసి కూర్చుంటే మీటరు కదలదు. గ్యారేజీ కూడా 19, 20 దగ్గర నిలబడింది. అందుకు సాక్ష్యం ఇడ్లీ పిండి. అంతకుముందు పొంగడం కోసం వైఫై మోడెం మీద కూర్చునే గిన్నె, ఇప్పుడు నా టేబుల్ మీద కూర్చుంటోంది.

ఈ కథ విని మామగారు ఫోన్ చేశారు. "వేడి కావల్లంటే చెప్పకూడదా అప్పా, రెండు మూటలు గట్టి బస్సులో ఏసి పంపిస్తాంటి గదా" అని చాలాసేపు నవ్వారు. నేను పౌరుషానికి పోయి థర్మాకోల్ మహిమ అంతా వివరించాను. లోపలి వేడిని బయటికి పోనివ్వనిది బయటి వేడిని లోపలికీ రానివ్వదని, 2016 ఏప్రిల్‌లో బెంగళూరు 39.2 డిగ్రీలు చూసిందని, అలాంటి ఎండలోనూ నా గ్యారేజీ చల్లగానే ఉంటుందని చెప్పాను.

ఆయన నవ్వు ఆపి శ్రద్ధగా విన్నారు. ఏప్రిల్ మొదటి వారంలో వస్తున్నారు, జూన్ దాకా ఉంటారు. గ్యారేజీలో మంచం వేయించమన్నారు. రాత్రి తొమ్మిదింటికే నిద్రపోవడం ఆయనకు అలవాటు. నా కాల్స్ సంగతేమిటని అడిగితే, మేడ మీద సోలార్ ట్యాంకు పక్కన చోటుందని, గాలి కూడా బాగా వస్తుందని మా ఆవిడ అంటోంది.