కాలని మాస్‌ఫెట్

స్విచ్‌డ్ మోడ్ పవర్ సప్లై, అంటే అందరూ ఎస్‌ఎంపీఎస్ అని పిలిచేది, ఇంజనీరింగ్ చదువులో రెండు రకాలు. మొదటి రకం ఫోన్ ఛార్జర్లో, టీవీలో, కంప్యూటర్ డబ్బాలో ఉంటుంది. ప్లగ్గులోని 230 వోల్టుల ఏసీని దాదాపు 325 వోల్టుల డీసీగా మార్చుకుని, మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ స్విచ్‌తో సెకనుకు సుమారు లక్షసార్లు తెంపి కలిపి, చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా అవతలికి దాటించి 5 వోల్టులో 12 వోల్టులో ఇస్తుంది. రెండో రకం కోర్సు ఫైల్లో ఉంటుంది. అది వేడెక్కదు, కూత పెట్టదు, పేలదు. ఏటా తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో విద్యార్థులు ‘డిజైన్’ చేసేది ఈ రెండో రకాన్నే.

2014లో భారతదేశం, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్యత్వం పొందింది. దాంతో కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలడో ముందే రాసిపెట్టే కోర్సు అవుట్‌కమ్‌ల పద్ధతి అక్రెడిటేషన్‌కు ప్రాణమైంది. పవర్ ఎలక్ట్రానిక్స్‌కు వచ్చేసరికి, విద్యార్థి కన్వర్టర్‌ను డిజైన్ చేయగలడని ఒక వాక్యం పడుతుంది. నిజంగా చేయగలిగాడా అన్నది కన్వర్టర్‌ను అడగరు, ఎక్సెల్ షీటును అడుగుతారు. మార్కుల సగటు గీత దాటితే అటెయిన్‌మెంట్ లెవెల్ 3. అంతటితో డిజైన్ పూర్తయినట్టే.

ఈ డిజైన్ క్లాసులో మొదలవుతుంది. వోల్టేజీని తగ్గించే బక్ కన్వర్టర్‌లో అవుట్‌పుట్ వోల్టేజీ అంటే ఇన్‌పుట్‌ను డ్యూటీ సైకిల్‌తో, అంటే స్విచ్ కలిసి ఉండే సమయపు వంతుతో, గుణించగా వచ్చేది. 12 వోల్టుల నుంచి 5 వోల్టులు కావాలంటే డ్యూటీ సైకిల్ 0.417. రిపుల్ ఇంతని ప్రశ్నలోనే ఇస్తారు కాబట్టి ఇండక్టర్, కెపాసిటర్ విలువలు రెండు సూత్రాల్లో రాలిపడతాయి. స్విచ్ ఆదర్శ స్విచ్, డయోడ్ ఆదర్శ డయోడ్, ఇండక్టర్ తీగకు రెసిస్టెన్స్ సున్నా. ఇంత ఆదర్శం లోకంలో మరే రంగంలోనూ దొరకదు.

వోల్టేజీని పెంచే బూస్ట్ కన్వర్టర్ దగ్గర ఈ ఆదర్శం పరాకాష్ఠకు చేరుతుంది. డ్యూటీ సైకిల్ 0.99 పెడితే సూత్రం ప్రకారం 12 వోల్టులు 1,200 వోల్టులవుతాయి. ఇండక్టర్ రెసిస్టెన్స్ లోడ్‌లో నూరో వంతు ఉందనుకుని అదే లెక్క మళ్లీ వేస్తే కథ మారుతుంది. డ్యూటీ సైకిల్ 0.9 దగ్గర సూత్రం పదింతలు వస్తుందన్నచోట ఐదింతలే వస్తుంది, సగం పవర్ తీగలోనే వేడైపోతుంది. వోల్టేజీ పెరగగలిగిన మేర అక్కడితో ఆఖరు. 0.99 దగ్గర పెట్టిన 12 వోల్టులు కూడా పూర్తిగా తిరిగి రావు. అయితే పరీక్షలో 1,200 అని రాసినవాడికే పూర్తి మార్కులు.

తర్వాతి మజిలీ ల్యాబ్. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ తయారుచేసిన ఎస్‌సీఆర్ లక్షణాలు, దాన్ని వెలిగించే యూజేటీ ఫైరింగ్ సర్క్యూట్ అక్కడి ఇలవేల్పులు. కన్వర్టర్ ఉన్నా ట్రైనర్ కిట్ రూపంలో మూతపెట్టిన పెట్టెలో ఉంటుంది. బయటికి సాకెట్లు మాత్రం కనిపిస్తాయి. ప్యాచ్ కార్డులు గుచ్చి, నాబ్ తిప్పి, వేవ్‌ఫామ్‌ను రికార్డులో గీయాలి. స్కోప్ పనిచేయకపోయినా ఇబ్బంది లేదు, సీనియర్ రికార్డు పనిచేస్తుంది.

మూడో మజిలీ సిములేషన్. సిములింక్‌లో బొమ్మలు లాగి వదిలి, పీఐ కంట్రోలర్ విలువలను గీత చక్కబడేదాకా మార్చుకుంటూ పోవడాన్ని ఇక్కడ క్లోజ్డ్ లూప్ డిజైన్ అంటారు. తెర మీద తీగలకు పొడవు లేదు కనుక ఇండక్టెన్సూ లేదు. అదే సర్క్యూట్‌ను బ్రెడ్‌బోర్డు మీద పెడితే తీగల్లో 100 నానోహెన్రీలు చేరినా చాలు: 20 నానోసెకన్లలో 2 ఆంపియర్లు ఆగినప్పుడు 10 వోల్టుల స్పైక్ పుడుతుంది. ఆ తేడా తెలిసే ప్రమాదం లేకుండా చాలా ప్రాజెక్టులు తెర దగ్గరే ఆగిపోతాయి.

చివరిది ఫైనలియర్ ప్రాజెక్ట్. దీనికి ముందు కావలసింది టైటిల్. ‘ఫజ్జీ కంట్రోల్డ్ హై గెయిన్ ఇంటర్‌లీవ్డ్ బూస్ట్ కన్వర్టర్ ఫర్ ఈవీ అప్లికేషన్స్’ అన్న పొడవు కనీస అర్హత. బేస్ పేపర్, కోడ్, రిపోర్ట్, పీపీటీ అమీర్‌పేటలో ఒకే ప్యాకేజీగా దొరుకుతాయి. వైవాకు ముందు రోజు వివరణ ఉచితం.

ఈ దారిలో ఎక్కడా తగలనివన్నీ కలిపితే అసలు సబ్జెక్టు అవుతుంది. ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో గాలి ఖాళీ ఎంత వదలాలి, ఎందుకు వదలాలి? మాస్‌ఫెట్ ఆగిన క్షణంలో లీకేజ్ ఇండక్టెన్స్ కొట్టే స్పైక్‌ను ఏ స్నబ్బర్ మింగాలి? 325 వోల్టుల సర్క్యూట్లో 600 వోల్టుల మాస్‌ఫెట్ ఎందుకు పెడతారు? మనిషి ముట్టుకునే వైపుకీ మెయిన్స్ వైపుకీ బోర్డు మీద ఎన్ని మిల్లీమీటర్ల ఎడం ఉండాలి? 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా మెయిన్స్ తీగల్లోకి వెళ్లే రొదను ఎలా ఆపాలి? వీటికి జవాబు లేకుండా ఛార్జర్ మార్కెట్లోకి రాదు. పట్టా మాత్రం వస్తుంది.

దీనికి కాలేజీల సమాధానం భద్రత. 325 వోల్టులు ప్రాణాంతకమన్నది నిజమే. అందుకే టీవీ మెకానిక్ రిపేరు చేసిన బోర్డును నేరుగా ప్లగ్గులో పెట్టడు, సిరీస్ బల్బు ద్వారా పెడతాడు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి బోర్డును కాపాడుతుంది. బాగుంటే ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. మనిషికి షాక్ తగలకుండా ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేరే ఉంది. మెయిన్స్ జోలికే పోని 12 వోల్టుల బక్ కన్వర్టర్‌ను కూడా కట్టించకపోవడానికి అదే భయం చెప్పడం, తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఉంటుంది. ఎల్‌ఎం2576 ఐసీ, 100 మైక్రోహెన్రీల ఇండక్టర్, షాట్కీ డయోడ్, రెండు కెపాసిటర్లు కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరుకుతాయి. దాన్ని సొంత బోర్డు మీద కట్టించి, లోడ్‌ను హఠాత్తుగా మార్చి, అవుట్‌పుట్ ఎంత కుంగింది, ఐసీ ఎంత కాలింది అని అడిగితే వైవా పది నిమిషాల్లో ముగుస్తుంది.

అదీ కుదరని కాలేజీకి మరో మార్గం మిగిలే ఉంది. కోర్సు అవుట్‌కమ్‌లో ‘కన్వర్టర్‌ను డిజైన్ చేయగలడు’ అన్నది కొట్టేసి, ‘డ్యూటీ సైకిల్‌ను రెండు దశాంశ స్థానాల వరకు లెక్కించగలడు’ అని రాసుకోవచ్చు. అప్పుడూ లెవెల్ 3 వస్తుంది. పైగా అది నిజం కూడా అవుతుంది.